ఒకే కొండకు నాలుగు చట్టాలు: అమెరికా ప్రజాభూముల రక్షణ ఎలా నడుస్తుంది

యూటా రాష్ట్రంలో మాంటిసెల్లో అనే చిన్న ఊరికి ఉత్తరాన, ప్రధాన రహదారి నుంచి 211 నంబరు రోడ్డు పడమటికి చీలుతుంది. ఆ రోడ్డు మీద గంటసేపు ప్రయాణించిన వారికి కనిపించేది ఒకే దృశ్యం: ఎర్రటి ఇసుకరాతి గోడలు, వాటి అంచున పొట్టి జునిపర్ చెట్లు, వాగుల వెంట కాటన్‌వుడ్ చెట్ల వరుసలు, దూరాన నీలంగా అబాహో పర్వతాలు. చట్టం మాత్రం ఆ నేలను ముక్కలు ముక్కలుగా చూస్తుంది. పర్వతాలు మాంటై-లాసాల్ నేషనల్ ఫారెస్టులోవి. అక్కడ అనుమతితో కలప నరకవచ్చు, వేటాడవచ్చు. రోడ్డు పక్కనే నల్లబారిన రాతి మీద వందల బొమ్మలు చెక్కి ఉన్న న్యూస్‌పేపర్ రాక్, దానిని దాటాక వచ్చే ఇండియన్ క్రీక్ లోయ బేర్స్ ఇయర్స్ నేషనల్ మాన్యుమెంటు పరిధిలోకి వస్తాయి. అక్కడ పశువులు మేస్తాయి, వేటకు వీలుంది, కొత్తగా గనుల హక్కు పొందడానికి మాత్రం వీల్లేదు. మధ్యమధ్య బడుల ఆదాయం కోసం రాష్ట్రానికి ఇచ్చిన చదరపు మైలు ముక్కలు తగులుతాయి. రోడ్డు ముగిసే చోట కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు ఉంది. అక్కడ వేట లేదు, మేత లేదు, గొడ్డలి లేదు.

సెలవుల్లో కారు అద్దెకు తీసుకుని గ్రాండ్ కాన్యన్‌కో, యెల్లోస్టోన్‌కో, యోసెమిటీకో వెళ్లే తెలుగు కుటుంబాలు ఈనాడు ఎన్నో ఉన్నాయి. చాలామంది మనసులో ఇవన్నీ కలిసి ‘పార్కులు’. అందమైనవి కనుక ప్రభుత్వం కాపాడుతోందన్న నమ్మకం. ఈ నమ్మకంలో సగమే నిజం ఉంది. ఒక ప్రదేశానికి రక్షణ తెచ్చిపెట్టడంలో అందం పాత్ర పెద్దదే, అయితే ఆ రక్షణ ఎంత గట్టిది, ఎంతకాలం నిలుస్తుంది అన్నవి అందం చేతిలో లేవు. ఆ రక్షణ హద్దు గీత ఎవరి సంతకంతో పడింది, దానిని చెరిపే అధికారం ఎవరికి ఉంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు దొరికితే అమెరికా ప్రజాభూముల వ్యవహారంలో చిక్కు చాలావరకు విడిపోతుంది.

ముందుగా పరిమాణం. ఫెడరల్, అంటే కేంద్ర, ప్రభుత్వం చేతిలో దాదాపు 64 కోట్ల ఎకరాల నేల ఉంది. ఇది దేశ భూభాగంలో సుమారు 28 శాతం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను కలిపి కొలిస్తే దానికి తొమ్మిది రెట్ల పైచిలుకు. ఈ నేల దేశమంతటా సమంగా పరచుకుని లేదు. నెవాడాలో 80 శాతం, యూటాలో 60 శాతానికి పైగా ఫెడరల్ భూమి కాగా, అయోవా, కనెక్టికట్ వంటి రాష్ట్రాల్లో అది ఒక శాతం కూడా ఉండదు. పశ్చిమ రాష్ట్రాల రాజకీయాల్లో ఈ విషయం ఎందుకంత మంట పుట్టిస్తుందో ఈ అంకెలే చెబుతాయి: సొంత రాష్ట్రంలోని నేలలో సగానికి పైగా నిర్ణయాలు వాషింగ్టన్‌లో జరుగుతాయన్న అసంతృప్తి అక్కడి గ్రామీణుల్లో తరాలుగా ఉంది, దానిని తేలిగ్గా తీసిపారేయడం తగదు.

ఈ భూమిలో అత్యధిక భాగాన్ని నాలుగు సంస్థలు చూసుకుంటాయి. బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్, అంటే బీఎల్ఎం, చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. ఫారెస్ట్ సర్వీస్ చేతిలో 19.3 కోట్లు, ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ చేతిలో దాదాపు 8.9 కోట్లు, లోకమంతా ఎరిగిన నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో 8 కోట్ల చిల్లర. పేరున్న పార్కులన్నీ ఉన్న సంస్థదే నాలుగింటిలో చిన్న వాటా కాగా, సామాన్య పర్యాటకుడు పేరైనా వినని బీఎల్ఎంది అన్నిటికన్నా పెద్ద వాటా. మరో విశేషమేమిటంటే, మిగిలిన మూడూ ఇంటీరియర్ శాఖ కింద ఉంటే ఫారెస్ట్ సర్వీస్ వ్యవసాయ శాఖ కింద ఉంది. 1905లో ఆ సంస్థకు తొలి అధిపతి అయిన గిఫర్డ్ పిన్షో దృష్టిలో అడవి ఒక పంట. తెలివిగా కోసుకుంటే తరతరాలకు సరిపోయే పంట. పార్క్ సర్వీసుకు 1916 నాటి చట్టం అప్పగించిన పని వేరు: దృశ్యాలను, ప్రకృతి సంపదను, వన్యప్రాణులను ప్రజలు చూసి ఆనందించేలా చేస్తూనే, రాబోయే తరాలకు చెడకుండా అందించడం. ఒక సంస్థ వాడుకోవడానికి పుట్టింది, మరొకటి చూపించి దాచడానికి పుట్టింది. పక్కపక్కనే ఉన్న రెండు కొండల తలరాతలు వేరు కావడానికి మూలం ఇక్కడుంది.

ఈ నేల ప్రభుత్వానికి ఎక్కడి నుంచి వచ్చిందన్నది చెప్పకుండా ముందుకు పోవడం అన్యాయం. అది ఖాళీగా పడి ఉన్న నేల కాదు. యోసెమిటీ లోయలో నివసించిన అవనీచీ ప్రజలను 1851లో మారిపోసా బెటాలియన్ అనే సాయుధ దళం తరిమివేసింది. పదమూడేళ్లకు, 1864లో, అదే లోయను ప్రజల విహారం కోసం కాపాడాలంటూ అబ్రహాం లింకన్ సంతకం చేశారు. మాంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు తూర్పు భాగం 1895 ఒప్పందంలో బ్లాక్‌ఫీట్ తెగ వదులుకున్న నేల. యెల్లోస్టోన్ పార్కుగా మారిన ఐదేళ్లకు, 1877లో, సైన్యం వెంటాడుతుంటే నెజ్ పెర్స్ ప్రజలు పిల్లాపాపలతో ఆ పార్కు గుండానే పారిపోవలసి వచ్చింది. మనుషులు అడుగుపెట్టని పవిత్ర ప్రకృతి అన్న భావనతో ఆ తర్వాత అచ్చయిన ఎన్నో ఛాయాచిత్రాల వెనుక, అక్కడి మనుషులను ముందే ఖాళీ చేయించిన చరిత్ర ఉంది.

అలా చేజిక్కిన నేలను దాచుకోవాలన్న ఉద్దేశం మొదట్లో ప్రభుత్వానికి లేదు, పంచిపెట్టడమే విధానం. 1862 నాటి హోంస్టెడ్ చట్టం కింద సేద్యం చేసుకునే కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చారు. రైలు కంపెనీలకు పట్టాల ఇరువైపులా చదరపు మైలు ముక్కలను ఒకటి విడిచి ఒకటి రాసిచ్చారు. నీళ్లు లేక, రాళ్లు తేలి, ఎవరూ కోరుకోని నేల ప్రభుత్వం దగ్గర మిగిలిపోయింది. ఇప్పటి బీఎల్ఎం భూమిలో అధిక భాగం ఆ మిగులే. దానిని శాశ్వతంగా ప్రజల ఆస్తిగా ఉంచుకుంటామని కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, స్పష్టంగా ప్రకటించింది 1976లో మాత్రమే.

1872వ సంవత్సరం ఈ కథకంతటికీ ఒక కీలకం. ఆ మార్చి 1న అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ యెల్లోస్టోన్‌ను నేషనల్ పార్కుగా ప్రకటించే చట్టం మీద సంతకం చేశారు. అదే మే 10న, అదే గ్రాంట్, జనరల్ మైనింగ్ చట్టం మీద సంతకం చేశారు. ప్రజాభూమిలో బంగారం, వెండి, రాగి వంటి ఖనిజం కనిపెట్టినవారు హద్దురాళ్లు పాతుకుని తవ్వుకోవచ్చని ఆ రెండో చట్టం చెప్పింది. ఆ ఖనిజాల మీద ప్రభుత్వానికి రాయల్టీ చెల్లించే నియమం అందులో లేదు, నేటికీ లేదు. బొగ్గు, చమురు తీసేవారు రాయల్టీ కడతారు. రాగి, బంగారం తీసేవారు ప్రజాభూమికి అది కట్టరు. నూట యాభై ఏళ్లు దాటిన ఈ చట్టాన్ని మార్చాలన్న ప్రయత్నాలు పదేపదే విఫలమయ్యాయి. రక్షణ చట్టాలన్నీ ఒక విధంగా ఈ మైనింగ్ చట్టం చేతులు ఎక్కడెక్కడ కట్టేయాలన్న ప్రశ్నకు జవాబులే.

పార్కుల గీతలు మొదట కంటికి నచ్చినదాని చుట్టూ పడ్డాయి. యెల్లోస్టోన్ హద్దులు దాదాపు దీర్ఘచతురస్రం. వేడినీటి ఊటలు, జలపాతాలు, సరస్సు అందులో పడేలా గీసుకున్నవి. శీతాకాలంలో మంచు ముంచెత్తినప్పుడు జంతువులు ఎక్కడికి దిగి మేస్తాయన్న ఆలోచన అప్పట్లో ఎవరికీ రాలేదు. అందువల్లే ఇప్పటికీ దున్నల్లాంటి బైసన్‌లు పార్కు ఉత్తర హద్దు దాటి మాంటానాలోని పల్లపు నేలకు వచ్చినప్పుడు, పశువులకు బ్రూసెల్లోసిస్ వ్యాధి అంటుకుంటుందన్న భయంతో వాటిని వెనక్కి తరమడమో, పట్టి వధకు పంపడమో జరుగుతూ వస్తోంది. తోడేళ్లది ఇంకా విచారకరమైన చరిత్ర. 1926 నాటికి పార్కు సిబ్బందే వాటిని తుదముట్టించారు. 1995, 1996లలో కెనడా నుంచి 31 తోడేళ్లను తెచ్చి వదిలాక మళ్లీ గుంపులు ఏర్పడ్డాయి. అయినా 2021-22 చలికాలంలో హద్దు దాటి బయటకు వెళ్లిన 20కి పైగా యెల్లోస్టోన్ తోడేళ్లు వేటగాళ్ల చేతిలో బలయ్యాయి. లోపల ఉన్నంతవరకు పరిశోధకులు పేరుపెట్టి గమనించే జంతువు, గీత దాటిన మరుక్షణం రాష్ట్రం వేట నిబంధనల కిందికి వస్తుంది.

అందం కోసం దాచినదానిలో ఊహించని విలువ బయటపడిన సందర్భమూ యెల్లోస్టోన్‌లోనే ఉంది. అక్కడి గ్రాండ్ ప్రిస్మాటిక్ ఊట నడుమ లోతైన నీలం, దాని చుట్టూ ఆకుపచ్చ, పసుపు, నారింజ రంగుల వలయాలు ఉంటాయి. నడుమ నీరు మరీ వేడి కనుక అక్కడ రంగునిచ్చే జీవం నిలవదు. అంచుకు వచ్చేకొద్దీ నీరు చల్లబడుతుంది, ఒక్కో వేడిమికి తగిన సూక్ష్మజీవుల చాప ఒక్కో రంగులో పరచుకుంటుంది. 1960లలో థామస్ బ్రాక్ అనే శాస్త్రవేత్త ఆ పార్కులోనే మరో వేడి ఊటలో థెర్మస్ అక్వాటికస్ అనే బాక్టీరియాను కనుగొన్నారు. మరిగే నీటి దరిదాపు వేడికి కూడా చెడిపోని దాని ఎంజైము తర్వాతి కాలంలో పీసీఆర్ పరీక్షకు ఆధారమైంది. కోవిడ్ కాలంలో మన ఊళ్లలో ముక్కులోంచి తీసిన నమూనాలను పరీక్షించిన పద్ధతికి వేరు ఆ ఊటల దాకా వెళుతుంది. 1872లో ఆ గీత గీసినవారికి సూక్ష్మజీవుల సంగతి తెలియదు. వారు కాపాడింది రంగులను.

నేషనల్ పార్కు అన్న పేరుకు కూడా పరిమితి ఉందని 1913లో తేలింది. యోసెమిటీ పార్కు లోపలే, ప్రసిద్ధమైన లోయకు తోబుట్టువు లాంటి హెచ్ హెచీ లోయలో ఆనకట్ట కట్టి శాన్‌ఫ్రాన్సిస్కోకు నీళ్లు తీసుకుపోవడానికి కాంగ్రెస్ అనుమతించింది. ప్రకృతి రక్షణకు కలం పట్టిన రచయిత జాన్ మ్యూర్ ఏళ్ల తరబడి పోరాడి ఓడిపోయారు, మరుసటి ఏడాది కన్నుమూశారు. ఆ నీరు నేటికీ ఆ నగరం కుళాయిల్లో వస్తోంది. కాంగ్రెస్ గీసిన గీతను కాంగ్రెస్ చెరపగలదు. అంతకు తక్కువ స్థాయిలో ఎవరూ చెరపలేరు. మిగతా రక్షణలతో పోల్చినప్పుడు ఈ రెండో సగమే ఎంతో విలువైనదని అర్థమవుతుంది.

గట్టి రక్షణ ఏదంటే వైల్డర్‌నెస్ చట్టం. దాని పుట్టుక కూడా ఒక ఆనకట్టతో ముడిపడి ఉంది. 1950లలో కొలరాడో, యూటా సరిహద్దున డైనోసార్ నేషనల్ మాన్యుమెంటు లోపల ఎకో పార్క్ అనే చోట ఆనకట్ట కట్టాలని ప్రతిపాదన వచ్చింది. హెచ్ హెచీ మళ్లీ జరగకూడదన్న పట్టుదలతో దేశమంతటా వ్యతిరేకత లేచి, 1956లో ఆ ఆనకట్టను పథకం నుంచి తొలగించారు. దిగువన ప్రతిపాదించిన గ్లెన్ కాన్యన్ ఆనకట్ట మాత్రం మిగిలింది. అప్పటికి ఎక్కువమంది చూడని ఆ అపురూపమైన లోయ 1963 నుంచి లేక్ పావెల్ కింద మునిగిపోయింది. ప్రతి కొండ కోసం విడివిడిగా పోరాడుతూ పోతే ఒకటి గెలిచి ఒకటి ఓడడమే మిగులుతుందని గ్రహించిన హోవర్డ్ జానైజర్ అనే కార్యకర్త, ఒక శాశ్వత చట్టం ముసాయిదా రాయడానికి కూర్చున్నారు. ఎనిమిదేళ్లలో దానిని పదుల సార్లు తిరగరాశారు. చివరకు ప్రతినిధుల సభలో 373 ఓట్లకు వ్యతిరేకంగా ఒకే ఒక్క ఓటు పడింది. అప్పటికి జానైజర్ లేరు. 1964 మే నెలలో మరణించారు. సెప్టెంబరు 3న లిండన్ జాన్సన్ సంతకం చేసినప్పుడు ఆయన భార్య ఆలిస్ అక్కడ నిలబడి ఉన్నారు.

ఆ రోజున 54 ప్రాంతాలకు, 91 లక్షల ఎకరాలకు వర్తించిన చట్టం ఇప్పుడు 800కు పైగా ప్రాంతాలకు, 11 కోట్ల పైచిలుకు ఎకరాలకు వర్తిస్తోంది. అందులో సగానికి పైగా అలాస్కాలోనే ఉంది. వైల్డర్‌నెస్ అనేది ఐదో సంస్థ కాదు; నాలుగు సంస్థల భూముల్లో ఏ ముక్క మీదనైనా కాంగ్రెస్ అదనంగా కప్పే కవచం. ఆ కవచం కింద రోడ్డు వేయకూడదు, కట్టడాలు కట్టకూడదు, మోటారు వాహనం, మోటారు పరికరం, సైకిలు సహా ఏ యాంత్రిక రవాణా సాధనమూ వాడకూడదు, విమానం దింపకూడదు. దీని ఫలితాన్ని మాంటానాలోని బాబ్ మార్షల్ వైల్డర్‌నెస్ వంటి చోట దగ్గరగా చూడవచ్చు. చలికాలపు గాలులకు కాలిబాట మీద పెద్ద చెట్టు కూలితే ఫారెస్ట్ సర్వీస్ సిబ్బంది మోటారు రంపంతో దానిని కోయరు. కంచర గాడిదల మీద సామాను వేసుకుని వచ్చి, ఇద్దరు చెరొక చివర పట్టుకునే పొడవాటి రంపం దించుతారు. ముందు దుంగ చుట్టూ తిరిగి దాని బరువు ఎటు వాలి ఉందో, కోస్తే ఏ వైపు మూసుకుని రంపాన్ని పట్టేస్తుందో చూసుకుంటారు. కోత మొదలయ్యాక ఎవరి వంతుకు వారు లాగడమే కాని నెట్టరు. నెడితే రంపం ఒంగుతుంది. లోతు పెరిగాక కోతలో చీలికలు దిగ్గొట్టి తెరిచి ఉంచుతారు. పళ్లు బాగా సానపట్టిన రంపమైతే పొట్టు పొడిగా రాలదు, పొడవాటి పీచుల్లా బయటకు వస్తుంది. నిమిషాల్లో అయ్యే పనికి అలా చాలాసేపు చెమటోడ్చడం దండగ అనిపించవచ్చు. నాకు మాత్రం, నియమం పెట్టిన ప్రభుత్వం తన సిబ్బందికీ దానిని వర్తింపజేయడమే ఈ చట్టంలో అన్నిటికన్నా నిజాయితీ గల అంశంగా కనిపిస్తుంది.

ఈ చట్టం కూడా రాజీలు లేకుండా పుట్టలేదు. అప్పటికే సాగుతున్న పశువుల మేతను కొనసాగనిచ్చారు; గనుల కోసం కొత్త హక్కులు పొందే గడువును 1983 చివరి వరకు ఇచ్చారు. ఇంకా ఆశ్చర్యకరమైన విషయం ఉంది: యెల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్, గ్లేసియర్ పార్కుల లోపల ఈ చట్టం కింద ప్రకటించిన వైల్డర్‌నెస్ ఒక్క ఎకరం కూడా లేదు. సిఫారసులు 1970ల నుంచి ఉన్నాయి, పార్క్ సర్వీస్ ఆ భాగాలను వైల్డర్‌నెస్ లాగే నిర్వహిస్తోంది, కాంగ్రెస్ మాత్రం ఓటు వేయలేదు. యోసెమిటీలో అందుకు భిన్నంగా 1984 నుంచి దాదాపు 95 శాతం నేల ఈ కవచం కింద ఉంది. ఈ పార్కుల మధ్య తేడా వాటి అందంలో తేడా వల్ల వచ్చింది కాదు.

కాంగ్రెస్ కదలనప్పుడు అధ్యక్షుడు కదలడానికి ఉన్న దారి 1906 నాటి యాంటిక్విటీస్ చట్టం. ప్రాచీన శిథిలాలను దోచుకుపోతున్న వారిని అడ్డుకోవడానికి చేసిన ఈ పొట్టి చట్టం, ఫెడరల్ భూమిలో చారిత్రక, శాస్త్రీయ ప్రాధాన్యం గల వాటిని సంతకంతోనే నేషనల్ మాన్యుమెంటుగా ప్రకటించే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చింది. కాపాడవలసిన వాటికి సరిపడే అతి తక్కువ విస్తీర్ణం మాత్రమే తీసుకోవాలన్నది అందులోని షరతు. థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ షరతును విశాలంగా చదివి, 1908లో గ్రాండ్ కాన్యన్‌లో ఎనిమిది లక్షల ఎకరాలకు పైగా మాన్యుమెంటు చేశారు. కాన్యన్ అంచున గనుల హద్దురాళ్లు పాతి, లోపలికి దిగే బ్రైట్ ఏంజెల్ బాట మీద పర్యాటకుల దగ్గర సుంకం వసూలు చేసిన రాల్ఫ్ కామెరాన్‌పై ప్రభుత్వం దావా వేయగా, ఆ ప్రకటనే చెల్లదని ఆయన వాదించారు. 1920లో సుప్రీంకోర్టు రూజ్‌వెల్ట్ ప్రకటనను సమర్థించింది. ఎప్పుడో పార్కుగా మారిన గ్రాండ్ కాన్యన్ గనుల ఊరు కాకుండా మిగిలిందంటే, కాంగ్రెస్ పదేళ్లకు పైగా తాత్సారం చేసిన కాలంలో నిలబడిన ఈ ఒక్క సంతకమే కారణం.

అయితే సంతకంతో వచ్చినది సంతకంతో పోతుందా? బేర్స్ ఇయర్స్ కథ అంతా ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది. హోపీ, నవాహో, జూనీ, రెండు యూట్ తెగలవారు కలిసి కోరిన మీదట 2016 డిసెంబరు 28న బరాక్ ఒబామా 13.5 లక్షల ఎకరాలను మాన్యుమెంటుగా ప్రకటించారు. పూర్వీకుల సమాధులు, కొండచరియల్లో కట్టిన ఇళ్లు, నేటికీ మందుమొక్కలు, కట్టెలు ఏరుకునే చోట్లు అందులో ఉన్నాయి. ఏడాది తిరగకముందే, 2017 డిసెంబరు 4న, డొనాల్డ్ ట్రంప్ దానిని దాదాపు 85 శాతం కుదించారు. 1996లో బిల్ క్లింటన్ ప్రకటించిన గ్రాండ్ స్టెయిర్‌కేస్-ఎస్కలాంటెను సుమారు సగానికి తగ్గించారు. 2021 అక్టోబరులో జో బైడెన్ రెండింటినీ పునరుద్ధరించారు. ఒక అధ్యక్షుడు మరొకరి మాన్యుమెంటును రద్దు చేయలేరని 1938లో అటార్నీ జనరల్ చెప్పిన అభిప్రాయాన్ని, 2025 మే నెలలో న్యాయశాఖ తోసిపుచ్చి, చేయగలరని కొత్త అభిప్రాయం ఇచ్చింది. చట్టం ప్రకటించే అధికారం గురించి మాట్లాడింది, రద్దు గురించి మౌనంగా ఉంది. ఆ మౌనానికి సుప్రీంకోర్టు ఇంతవరకు అర్థం చెప్పలేదు.

ఈ ఎగుడుదిగుళ్ల మధ్యే 2022 జూన్‌లో ఐదు తెగల ప్రభుత్వాలు, బీఎల్ఎం, ఫారెస్ట్ సర్వీస్ కలిసి బేర్స్ ఇయర్స్‌ను సంయుక్తంగా చూసుకునేందుకు ఒప్పందం కుదుర్చుకున్నాయి. తరిమివేతతో మొదలైన రక్షణ చరిత్రలో ఇది చిన్న మలుపు కాదు. ఆ నేల మీద మొదట అర్హత ఉన్నవారికి నిర్ణయంలో చోటు దొరికిన అరుదైన సందర్భమిది.

సంతకం కన్నా పలచనిది శాఖ నిబంధన. 2001 జనవరిలో, క్లింటన్ పదవీకాలం చివరి రోజుల్లో, నేషనల్ ఫారెస్టుల్లో అప్పటికి రోడ్లు లేని 5.85 కోట్ల ఎకరాల్లో కొత్త రోడ్లు, కలప కోత చాలావరకు నిషేధిస్తూ వచ్చిన నిబంధన ఇలాంటిదే. పదహారు లక్షల మంది తమ అభిప్రాయాలు పంపాక వచ్చిన నిబంధన అయినా, అది కాంగ్రెస్ చట్టం కాదు. అలాస్కాలోని టాంగస్ అడవిలో 1.67 కోట్ల ఎకరాలు ఉన్నాయి. దేశంలో అంతకు మించిన నేషనల్ ఫారెస్టు లేదు. దానికి 2020లో ఈ నిబంధన నుంచి మినహాయింపు ఇచ్చారు, 2023లో ఆ మినహాయింపును తీసేశారు, 2025 జూన్‌లో మొత్తం నిబంధననే ఎత్తివేస్తామని వ్యవసాయ శాఖ ప్రకటించింది. వందల ఏళ్ల వయసున్న స్ప్రూస్, సెడార్ చెట్ల భవితవ్యం నాలుగేళ్లకోసారి జరిగే ఎన్నికతో మారడం, నా దృష్టిలో, ఈ వ్యవస్థలోని అతి పెద్ద లోపం.

కాంగ్రెస్ చట్టం ఉన్నా నిశ్చింత లేదనడానికి ఆర్కిటిక్ నేషనల్ వైల్డ్‌లైఫ్ రెఫ్యూజ్ నిదర్శనం. జిమ్మీ కార్టర్ 1980లో సంతకం చేసిన చట్టం అలాస్కాలో పది కోట్ల ఎకరాలకు పైగా కాపాడింది. అయితే ఈ రెఫ్యూజ్ తీరమైదానంలో 15 లక్షల ఎకరాలను, కింద చమురు ఉండవచ్చన్న కారణంతో, భవిష్యత్ నిర్ణయానికి వదిలేసింది. పోర్క్యుపైన్ కరిబూ అనే జింకల మంద పిల్లలను కనేది ఎక్కువగా అక్కడే. ఆ మంద మీద బతికే గ్విచిన్ ప్రజలు దశాబ్దాలుగా అక్కడ తవ్వకాన్ని వ్యతిరేకిస్తున్నారు. 2017లో పన్నుల బిల్లులో చేర్చిన ఒక నిబంధనతో అక్కడ చమురు లీజులు తప్పనిసరి అయ్యాయి. బడ్జెట్ సంబంధమైన బిల్లుకు సెనేట్‌లో మామూలు బిల్లులకుండే 60 ఓట్ల అడ్డంకి ఉండదు, సాధారణ మెజారిటీ చాలు. ముప్పై ఏడేళ్లు సాగిన వాదం ఆ సందులోంచి తేలిపోయింది.

అదే సందులోంచి 2025లో మరో ప్రయత్నం జరిగింది. దానికి కొంచెం ముందు, యూటా రాష్ట్రం తన పరిధిలోని 1.85 కోట్ల ఎకరాల బీఎల్ఎం భూమిని ఫెడరల్ ప్రభుత్వం అట్టిపెట్టుకోవడం చెల్లదంటూ నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లగా, 2025 జనవరిలో కోర్టు ఆ కేసును చేపట్టడానికి నిరాకరించింది. జూన్‌లో యూటా సెనేటర్ మైక్ లీ, పశ్చిమ రాష్ట్రాల్లో ఇరవై నుంచి ముప్పై లక్షల ఎకరాలకు పైగా ప్రజాభూమిని ఇళ్ల నిర్మాణం పేరిట అమ్మించే నిబంధనను బడ్జెట్ బిల్లులో పెట్టించారు. ఇళ్ల కొరత నిజమే, చుట్టూ ఫెడరల్ భూమి ఉన్న కొన్ని ఊళ్లకు పెరగడానికి చోటు లేదన్నదీ నిజమే. అందుకు పరిమితంగా భూమి అమ్మే మార్గాలు పాత చట్టాల్లో ఇప్పటికే ఉన్నాయి. ఈ బిల్లుకు వ్యతిరేకత పర్యావరణ సంఘాల నుంచి మాత్రమే రాలేదు. ఏటా శరదృతువులో ఎల్క్ వేటకు వెళ్లేవారు, చేపలు పట్టేవారు, మాంటానా, ఐడహో రిపబ్లికన్ ప్రతినిధులు అడ్డం తిరిగారు. సొంత పొలం, సొంత ఎస్టేటు లేని మనిషి అనుమతి అడగకుండా తిరగగలిగిన నేల అదొక్కటే కావడం వారి కోపానికి కారణం. సెనేట్ నియమాల అధికారి మొదటి రూపాన్ని కొట్టివేశాక, నిబంధనను కుదించి మళ్లీ తెచ్చినా మద్దతు కూడలేదు. జూన్ 28న లీ దానిని వెనక్కి తీసుకున్నారు.

తిరిగే హక్కు ఎంత సున్నితమైనదో వయోమింగ్‌లో మరో కేసు చూపింది. రైలు కంపెనీలకు ఒకటి విడిచి ఒకటి ఇచ్చిన చదరపు మైళ్ల వల్ల అక్కడ పటం చదరంగం పలకలా ఉంటుంది. ప్రజాభూమి గళ్లు మూలల వద్ద మాత్రమే ఒకదానినొకటి తాకుతాయి. 2020, 2021లలో కొందరు వేటగాళ్లు అలాంటి మూల మీదుగా, ప్రైవేటు నేలపై కాలు మోపకుండా, ఒక గడి నుంచి మరో గడిలోకి దాటారు. 2021లో అందుకోసం చిన్న నిచ్చెన కూడా తెచ్చుకున్నారు. గాలిలోని తన హద్దును దాటారంటూ భూయజమాని దావా వేశారు. 2025 మార్చిలో ఫెడరల్ అప్పీలు కోర్టు వేటగాళ్ల పక్షాన తీర్పు చెప్పింది, అక్టోబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు. తీర్పు ఆ కోర్టు పరిధిలోని ఆరు రాష్ట్రాలకు వర్తిస్తుంది. మాంటానా వంటి చోట్ల ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

డబ్బు సంగతి క్లుప్తంగా చెప్పాలి. సముద్రంలో తీసే చమురు, వాయువుల ఆదాయం నుంచి ఏటా 90 కోట్ల డాలర్లు కొత్త భూముల కొనుగోలుకు, ఊళ్లలోని పార్కులకు కేటాయించే నిధి 1964 నుంచి ఉన్నా, ఆ మొత్తం పూర్తిగా, శాశ్వతంగా అందే ఏర్పాటు 2020లో గాని రాలేదు. మరోపక్క పార్క్ సర్వీస్ దగ్గర వాయిదా పడిన మరమ్మతుల విలువ 2,200 కోట్ల డాలర్లు దాటింది. 2024లో ఆ సంస్థ పరిధిలోని చోట్లకు 33 కోట్లకు పైగా సందర్శనలు నమోదై రికార్డు నెలకొంటే, ఆ మరుసటి ఏడాదే సిబ్బందిని కుదించారు. 2026 నుంచి యెల్లోస్టోన్, యోసెమిటీ, గ్రాండ్ కాన్యన్ సహా 11 పార్కుల్లో అమెరికా నివాసులు కాని వారి నుంచి మామూలు ప్రవేశ రుసుముకు తోడు మనిషికి 100 డాలర్లు వసూలు చేస్తున్నారు. ఏడాది పాసు నివాసులకు 80 డాలర్లైతే మిగిలినవారికి 250. పిల్లలను చూడడానికి వెళ్లే మన తల్లిదండ్రుల ప్రయాణ ఖర్చులో ఇది కొత్త పద్దు.

ఇన్ని చట్టాల నడుమ కూడా తక్కువ రక్షణతో మిగిలిపోయేది కంటికి ఇంపుగా ఉండని నేల. బీఎల్ఎం భూముల్లో ఎక్కువ భాగం సేజ్‌బ్రష్ పొదల మైదానాలు, ఉప్పు చవుళ్లు, రాళ్ల గుట్టలు. క్యాలెండర్ల మీద వాటి ఫొటోలు అరుదు. యూటా ఎడారిలో ఇసుక మీద నల్లగా, చిన్న చిన్న బొడిపెలతో ఒక పెళుసైన పొర కనిపిస్తుంది. తెలియనివారు దానిని మట్టి అనుకుని తొక్కుకుంటూ పోతారు. అది సైనోబాక్టీరియా, లైకెన్లు, నాచులు కలిసి అల్లుకున్న సజీవమైన పైపొర. కంటికి కనిపించని పోగులతో ఇసుక రేణువులను కట్టి ఉంచి గాలికి ఎగిరిపోకుండా ఆపేది, గాలిలోని నత్రజనిని నేలకు ఇచ్చేది, వాన చినుకును పట్టి ఉంచేది అదే. ఒక బూటు ముద్ర మానడానికి దశాబ్దాలు పట్టవచ్చు. జీపు చక్రాల జాడకు ఇంకా ఎక్కువ. కాన్యన్‌ల్యాండ్స్ పార్కులో ఆ పొర మీద అడుగు వేయవద్దని బోర్డులు పెట్టి, బాటలు గుర్తించి, రేంజర్లు హెచ్చరిస్తారు. హద్దు దాటాక అదే పొర మీద ఆవుల గిట్టలు పడతాయి, కొన్నిచోట్ల చమురు అన్వేషణ లారీలు తిరుగుతాయి. అక్కడ ఒక ఆవుకు, దాని దూడకు నెల మేత రుసుము ఎన్నో ఏళ్లపాటు నిబంధనలు అనుమతించే కనిష్ఠం దగ్గరే, 1.35 డాలర్ల వద్ద ఉండిపోయింది.

మైక్ లీ బిల్లు కూడా ఈ తేడాను యథాతథంగా పాటించింది. నేషనల్ పార్కులను, మాన్యుమెంట్లను, ప్రకటిత వైల్డర్‌నెస్‌లను అమ్మకం నుంచి మొదటే మినహాయించి, పేరు పెట్టని బీఎల్ఎం నేలను, మొదటి రూపంలో నేషనల్ ఫారెస్టులను కూడా, అమ్మకానికి తెరిచింది. కుదించిన రూపంలో మిగిలింది ఊళ్లకు ఐదు మైళ్ల లోపు బీఎల్ఎం భూమి: బడి పిల్లలు సాయంత్రం సైకిళ్లు తొక్కే గుట్టలు, వారాంతాల్లో కుటుంబాలు గుడారాలు వేసుకునే వాగు ఒడ్లు. ఫెడరల్ ప్రభుత్వం చేతిలో భూమి మితిమీరి ఉందన్న తన అభిప్రాయాన్ని బిల్లు వెనక్కి తీసుకున్న రోజున కూడా ఆ సెనేటర్ మార్చుకోలేదు. బడ్జెట్ బిల్లులకు సాధారణ మెజారిటీ సరిపోతుందన్న నియమమూ మారలేదు.